దేశ ర్యాంకూ, అప్పలనరసమ్మ కారం మిల్లూ

మన దేశం పరువు పోయింది. ఆ కబురు మా గంట్లపేట మునిసిపల్ ఆఫీసుకి పొద్దుటి టీ వేళకి చేరింది. అప్పటిదాకా పరువు ఉన్నట్టే మాలో చాలామందికి తెలియదు గనక ఎవరూ పెద్దగా కంగారుపడలేదు. కమిషనర్ వాసుదేవమూర్తి గారు మాత్రం టీ గ్లాసు కింద పెట్టేసి, "నూట నలభై ఒకటోదట!" అని నుదురు కొట్టుకున్నారు.

సంగతేమిటంటే, విదేశంలో ఎక్కడో ఒక నాణ్యతా మండలి ఉంది. ప్రపంచంలోని దేశాలన్నిటినీ బడిపిల్లల్లా వరసలో నిలబెట్టి, ఏ దేశపు ఆర్థిక వ్యవస్థలు ఎంత బాగున్నాయో కొలిచి మార్కులు వేయడం దాని పని. దుకాణం పెట్టాలంటే ఎంతసేపు పడుతుంది, పెట్టినవాళ్ళని జనం ఎంత నమ్ముతారు, తగువొస్తే కోర్టు ఎంత త్వరగా తేలుస్తుంది, చివరికి దుకాణం మూసేయాలంటే ఎంత సులువు. ఇవీ దాని కొలతలు. మనకంటే పైనున్న ఒక దేశాన్ని మ్యాపులో పట్టుకోడానికి మా టౌన్ ప్లానింగ్ సెక్షన్ మొత్తం మధ్యాహ్నం దాకా శ్రమపడింది. సముద్రం మధ్యలో అచ్చుతప్పులా ఉందది. మనం దానికంటే కింద.

నేను లైసెన్సుల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. దుకాణం పెట్టుకుంటామని వచ్చినవాళ్ళని రేపు రమ్మనడం నా ఉద్యోగం. ఆ మాట ఏళ్ళ తరబడి, ఎవరికీ తక్కువ చేయకుండా, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా అంటూ వస్తున్నాను. అలాంటివాణ్ణి, ఈ ర్యాంకు తిరిగి తిరిగి నా నెత్తిమీదే పడుతుందేమోనని ఫైళ్ళన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

అనుకున్నంతా అయింది. రాజధానిలో సంస్థాగత ఔన్నత్య సాధనా మిషన్ అని ఒకటి పుట్టింది. దాని డైరెక్టరు పురంజయ్ గారు మూడు కార్లతో మా ఊళ్ళో దిగారు. మమ్మల్నందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, ఏసీ లేదని ఒకసారి బాధపడి, ఉపన్యాసం మొదలెట్టారు.

"మిత్రులారా, మండలి ప్రతి దేశంలోనూ ఒక చిన్న పట్టణంలో ఒకే ఒక్క చిన్న వ్యాపారాన్ని నమూనాగా స్వీకరిస్తుంది. ఆ వ్యాపారం ఆవిర్భావం మొదలు నిష్క్రమణ పర్యంతం పరిశీలిస్తుంది. దానికి లభించే మార్కులే యావద్దేశానికీ మార్కులు. లాటరీలో మీ పట్టణం ఎంపికైంది. ఇది మహదవకాశం. ఇప్పుడు చెప్పండి, ఈ పట్టణంలో నూతనంగా వ్యాపారం నెలకొల్పే ఉద్దేశంలో ఎవరైనా ఉన్నారా?"

అందరూ నా వైపు చూశారు. నేను లేచి, "ఉందండి. అప్పలనరసమ్మ," అన్నాను.

అప్పలనరసమ్మది కోటవీధి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఇళ్ళ వెంట తిరిగి కారం దంచి బతికింది. దంచిన రోజున చేతుల మంటకి సొంత బిడ్డని కూడా ముట్టుకునేది కాదట. పైసా పైసా కూడబెట్టి చివరికి ఒక కారం మిల్లు మిషను కొనుక్కుంది. లైసెన్సు కోసం కాళ్ళకి బలపం కట్టుకుని మా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. మిషనేమో గోనెసంచులు కప్పుకుని ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చుంది. మా వైపు ఏడాదికి సరిపడా కారం ఫాల్గుణ చైత్రాల్లోనే ఆడించుకుంటారు. ఆ రెండు నెలలూ దాటితే కారం మిల్లుకి మళ్ళీ ఏడాదిదాకా పని లేదు. కిందటేడు సీజనంతా మా ఫైరు సర్టిఫికెట్టు కోసం ఎదురుచూడ్డంలోనే పోయింది. ఈ ఏడాదీ పోతే మిషను పాత ఇనుముకి అమ్మేసి మళ్ళీ రోకలి పట్టుకోవడమే ఆవిడ గతి.

ఇదంతా నేను చెబుతుంటే డైరెక్టరు గారి ముఖం పాలిపోయింది.

"ఏడాదిగా తిరుగుతోందా? ఈ వాస్తవం రికార్డులకెక్కితే మనం అట్టడుగుకు పోతాం! మండలి వాళ్ళ గడియారం ఉద్దేశం కలిగిన క్షణంతోనే మొదలవుతుందయ్యా. ఆవిడ కిందటేడు దరఖాస్తు చేయలేదు. ఆవిడకి మిల్లు పెట్టే ఉద్దేశమే లేదు. వచ్చే సోమవారం పది గంటలకి, మండలి మదింపుదారు సమక్షంలో, ఉద్దేశం కలుగుతుంది. ఈ విషయం ఆవిడకి తెలియజేయండి."

తెలియజేయడానికి నన్నే పంపించారు. అప్పలనరసమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"అమ్మా, సోమవారం పది గంటలదాకా నీకు మిల్లు పెట్టే ఉద్దేశం లేదు," అన్నాను.

"అదేటి గుమస్తా బాబూ! మిసను ఎదురుగా ఎట్టుకుని ఉద్దేశం నేదని ఎలగంటాను?"

"అది మిషను కాదు. గోనెసంచులు."

"సంచుల కింద ఉన్నాదేటి మరి?"

"సంచుల కింద ఏముందో ప్రభుత్వానికి తెలియదు. నువ్వూ చెప్పకు. సోమవారం ఉద్దేశం కలిగితే అరగంటలో లైసెన్సు చేతిలో పెడతారు."

అప్పలనరసమ్మ చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. నేను నవ్వడం లేదని రూఢి చేసుకుంది. "అరగంటలోనా? అలగైతే మా అత్త మీద ఒట్టు బాబూ, నాకే ఉద్దేశమూ నేదు. మిరగ్గాయంటే ఏటో కూడా నాకు తెల్దు," అంది తొడిమలు ఒళ్ళోంచి దులుపుకుంటూ.

సోమవారం కోటవీధిలో షామియానా వేశారు. ఫైరు, కరెంటు, ఆరోగ్యం, తూనికలు కొలతలు, ఎక్కడెక్కడి అధికారులూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. వీళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నా సర్వీసులో అదే మొదలు. మండలి పంపిన మదింపుదారు లార్సన్ గారు ఆరడుగుల మనిషి, మెళ్ళో గడియారం, పక్కన దుబాసీ. సరిగ్గా పది గంటలకి అప్పలనరసమ్మ, మేం నేర్పినట్టే, ఆకాశం వైపు చూసి, "నాకిప్పుడే ఒక ఉద్దేశం ఒచ్చింది బాబూ," అని అరిచింది. లార్సన్ గారు గడియారం నొక్కారు.

అంతే! సంతకాలు వానచినుకుల్లా పడ్డాయి. మిషను అరుగు మీంచి వీధిగదిలోకి చేరింది, కరెంటు వాళ్ళు తీగ లాగేశారు. కిందటేడంతా దొరకని ఫైరు సర్టిఫికెట్టు, ఫైరు ఆఫీసరు చొక్కా జేబులోంచి వచ్చింది. మేం తెప్పించిన టీలు రాకముందే లైసెన్సు వచ్చేసింది. కొత్త మిల్లులో ముందుగా పసుపు ఆడించడం మా ఊరి ఆనవాయితీ. అప్పలనరసమ్మ పసుపుకొమ్ములు పోసి, మిషనుకి దణ్ణం పెట్టి, స్విచ్చి వేసింది. పచ్చటి పొడి జలజలా రాలుతుంటే నిలుచున్నపాటున ఏడ్చేసింది. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్ళు చెమర్చాయి. ఇంత చిన్న పని మనం ఇన్నాళ్ళూ చేయలేదా అని సిగ్గేసింది కూడా. ఆ సిగ్గు టీ వచ్చేదాకా ఉంది.

మొదటి కొలతలో మనకి నూటికి నూరు వచ్చాయి. రెండోదాని దగ్గర బండి ఆగిపోయింది.

మర్నాటి నుంచీ ఆడవాళ్ళు ఎండుమిరప సంచులు పట్టుకుని బారులు తీరారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పీటలు వేసుకుని మిల్లు ముందు కూర్చున్నారు. ఎవరి కాయలు పోస్తుంటే వాళ్ళు రెప్ప వేయకుండా చూస్తారు. కారం డబ్బాలోకి దిగి, మూత పడ్డాకే లేస్తారు. మా ఊళ్ళో ఎక్కడైనా అంతే. లార్సన్ గారికి అది వింతగా కనిపించింది. వీళ్ళు ఎందుకు కూర్చున్నారని దుబాసీ చేత అడిగించారు.

ముందు పీట మీదున్న బంగారమ్మ ఠక్కున చెప్పింది. "ఎందుకేటి బాబూ? నా కాయలు నాకు రావాల గదా. కన్ను అటు తిప్పితే ఎవలి కారం ఎవలి డబ్బాలోకెల్తాదో ఎవలికి తెల్సు?"

లార్సన్ గారు ఏదో రాసుకున్నారు. పురంజయ్ గారు మెడ సాచి అది చదివి, కుర్చీలో కూలబడ్డారు. "సామాజిక విశ్వాస సూచీ కుప్పకూలుతోంది! ఈ పీటలేమిటి, ఈ కాపలా ఏమిటి? పురోగామి దేశాల్లో వినియోగదారులు సరుకు అప్పగించి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతారు. తక్షణం వీళ్ళ చేత విశ్వసింపజేయండి!"

విశ్వసింపజేయడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. పీటలు జప్తు చేసి వ్యాను ఎక్కించారు. "నమ్మి ఇళ్ళకెళ్ళిపోండమ్మా, నమ్మనివాళ్ళ మీద కేసు రాస్తాం," అని లాఠీలు ఊపారు. ఆడవాళ్ళు గొణుక్కుంటూ, రెండడుగులకోసారి వెనక్కి చూసుకుంటూ, చూసినప్పుడల్లా తిట్లు తింటూ వెళ్ళారు.

అప్పలనరసమ్మ బతిమాలింది. "బాబూ, ఏ సంచి ఎవలిదో సీటీలైనా కట్టనీండి. నాకు గురుతుండొద్దేటి?"

"చీటీ అంటే అనుమానానికి లిఖితపూర్వక సాక్ష్యం. ససేమిరా వీల్లేదు," అన్నారు డైరెక్టరు గారు.

సాయంత్రానికి కోటవీధి కురుక్షేత్రమైంది. ఎవరి కారం ఎవరికి వెళ్ళిందో దేవుడికే ఎరుక. "ఓలమ్మో! మా కారం ఎర్రగా ఉంటాది గాని మండదే. ఇదేటే, నాలిక మీద నిప్పెట్టినట్టుంది! నా కాయలు ఎవత్తె పట్టుకుపోనాది?" అంటూ బంగారమ్మ డబ్బా పట్టుకుని వీధిలోకొచ్చింది. ఎదురింటావిడ తన డబ్బా తెచ్చింది. జుట్లు ముడులూడాయి. లార్సన్ గారు గాలిలో ఎగురుతున్న కారానికి తుమ్మి తుమ్మి ఎర్రబడిపోయారు.

మేం తలలు పట్టుకున్నాం గానీ పురంజయ్ గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "అద్భుతం! ఒప్పంద వివాదం సహజసిద్ధంగా ఉద్భవించింది. మూడో సూచికకు మనం వెతుక్కోనక్కర్లేదు. న్యాయస్థానాన్ని పిలిపించండి!"

న్యాయస్థానం అదే షామియానాలోకి జీపులో వచ్చింది. జడ్జి గారు వాదాలు వినడానికి టైం లేదన్నారు. సాక్ష్యంగా నాలుగు డబ్బాల్లోంచి నాలుగు చిటికెలు నాలిక మీద వేసుకున్నారు. మంచినీళ్ళు తాగారు. మళ్ళీ తాగారు. కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పారు. "యావత్తు కారమూ ఒకే రాశిగా పోసి, కలిపి, కక్షిదారులకు సమానంగా పంచవలెను." తుమ్ముతో తీర్పు పూర్తయింది, గడియారం ఆగింది. అంత త్వరగా తేలిన తగువు భూమ్మీద లేదట.

ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. అప్పలనరసమ్మ ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, ఈసారికి ఊరుకోండి, మళ్ళీ కాయలు తెస్తే కూలి తీసుకోకుండా ఆడిస్తానని దణ్ణం పెట్టింది. "నీ తప్పేటుందే పిల్లా? టైలు కట్టుకున్న బాబుల తప్పు గాని," అని బంగారమ్మే ముందు మెత్తబడింది. పోలీసు వ్యానులోంచి పీటలు తెచ్చుకుని మళ్ళీ అందరూ కూర్చున్నారు. విశ్వాసం మార్కులు అప్పటికే వేసేశారు గనక ఈసారి ఎవరూ అడ్డం చెప్పలేదు. మిల్లు పొద్దున్న మొదలైతే దీపాలవేళ దాకా ఆగేది కాదు. అప్పలనరసమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, కనుబొమ్మలదాకా ఎర్రగా, నవ్వుతూ తిరిగేది. మనిషి అంత సంతోషంగా ఉండడం నేను లైసెన్సుల సెక్షన్లో ఎన్నడూ చూడలేదు.

అలా రెండు వారాలు సాగిందో లేదో, డైరెక్టరు గారూ కమిషనర్ గారూ మిల్లు ముందు దిగారు. వెనకాల నేను.

"ఇక మిగిలింది చిట్టచివరి సూచిక, నిష్క్రమణ సౌలభ్యం," అన్నారు పురంజయ్ గారు. "ఆ ద్వీప దేశంలో వ్యాపారాన్ని ఒక పూటలో మూసేశారట. మనం అంతకంటే వేగంగా మూయాలి."

అప్పలనరసమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "బాగా ఆడతన్న మిల్లు మూసీమంటన్నారేటి? నాకు నట్టమేటీ నేదు బాబూ! సీజను సగం కూడా అవనేదు!"

"అదేనమ్మా విశేషం. దివాలా తీసినదాన్ని ఎవరైనా మూస్తారు. కళకళలాడుతున్నదాన్ని మూయగలగడంలోనే వ్యవస్థ పటిష్ఠత ద్యోతకమవుతుంది."

"మూసీసి, మళ్ళీ తెరిసీస్తారా మరి?"

కమిషనర్ గారు డైరెక్టరు గారి వైపు చూశారు. డైరెక్టరు గారు మిల్లు పైకప్పు వైపు చూశారు. "ఆఁ, చూద్దాంలే అమ్మా," అన్నారు కమిషనర్ గారు. ఆ అనడం నాకేమీ నచ్చలేదు.

తెరిచినప్పుడు వచ్చిన అధికారులే మూయడానికీ వచ్చారు. తీగ కోశారు, లైసెన్సు చింపారు, తలుపుకి సీలు వేశారు. లార్సన్ గారు గడియారం నొక్కి, అంత వేగానికి తలాడించి, మాకు షేక్‌హాండ్ ఇచ్చారు. సంచులతో వచ్చిన ఆడవాళ్ళు వీధిలో నిలబడిపోయారు. అప్పలనరసమ్మ ఏడవలేదు. సీలు వేసిన తలుపుకి వీపు ఆనించి కూర్చుని, "నానేటి సేసినాను బాబూ?" అని ఒక్క మాట అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక, ఇంటికెళ్ళి మా ఆవిడ మీద అరిచాను.

ర్యాంకులొచ్చాయి. మనం పదకొండు! రాజధానిలో బాణాసంచా కాల్చారు. మా ఆఫీసుకి ప్రశంసాపత్రం వచ్చింది. ఆ సంబరంలోనే అప్పలనరసమ్మ వచ్చి, మీ మార్కుల పండగ అయిపోయింది గదా, ఇక మిల్లు తెరవనీండి అని అడిగింది.

కమిషనర్ గారు ఎంతో ఓపిగ్గా చెప్పారు. "చూడమ్మా, నువ్వు మళ్ళీ తెరిస్తే, మేం మూసింది మూసినట్టు కాదు. మూసినట్టు కాకపోతే మార్కులు పోతాయి. మార్కులు పోతే దేశం ఏమైపోవాలి? నువ్వు సామాన్యురాలివా? దేశానికి పదకొండో ర్యాంకు తెచ్చిన తల్లివి!" అని లేచి ఆవిడకి శాలువా కప్పారు.

"ఎండలు మండిపోతంటే సాలువాలు కప్పుతారేటి!" అని దాన్ని అక్కడే కుర్చీ మీద పడేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఆఫీసంతా కునుకు మీద ఉండగా, కోటవీధి వైపు నుంచి డగ్ డగ్ డగ్ అని చప్పుడు మొదలైంది. కమిషనర్ గారు ఉలిక్కిపడి లేచారు.

"ఏమిటయ్యా అది?"

"కారం మిల్లండి. తమ్ముడి చేత డీజిలింజను తెప్పించి, మిషను వెనక తలుపులోంచి పెరట్లోకి మార్చుకుందట."

"ఎవరి మిల్లు?"

"మనం మూసేసిందేనండి."

"లైసెన్సు లేకుండానా! నోటీసు రాయి!"

రాశాను. సంతకం పెట్టడానికి కలం ఎత్తి, కమిషనర్ గారు ఆగిపోయారు. నోటీసు ఇస్తే మిల్లు నడుస్తోందని ఒప్పుకున్నట్టే. నడుస్తోందంటే మూయలేదన్నట్టే. మూయలేదంటే పదకొండు పోయినట్టే. ఆయన నోటీసుని ముక్కలుగా చింపి బుట్టలో వేసి, "మూసేసిన మిల్లు చప్పుడు చేయదు. అది గాలి," అన్నారు.

గాలి రోజంతా వీచేది. దాన్నిబట్టి తక్కినవాళ్ళూ దారి మార్చుకున్నారు. లేని మిల్లుకి నిప్పెలా అంటుకుంటుందని ఫైరు ఆఫీసరు ఆ వీధి మానేశాడు. లేని తక్కెడని ఎలా తూచేదని కొలతల ఇన్స్పెక్టరూ మానేశాడు. అంతకుముందు మిల్లు తెరిచున్న రోజుల్లో పూటకొకరు వచ్చి ఏదో ఒక లోటు పట్టి, అరకేజీ కారం పొట్లం కట్టించుకుపోయే పెద్దమనుషులెవరూ ఇప్పుడు కోటవీధి ముఖం చూడటంలేదు. ఆఫీసు తరపున వెళ్ళింది కమిషనర్ గారి భార్య ఒక్కతే. మిరపకాయలు తీసుకెళ్ళి, పీటేసుకుని, కళ్ళార్పకుండా చూసి ఆడించుకొచ్చింది.

ఊరికి ఇదంతా అర్థం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఒక పొద్దున్న మెయిన్ రోడ్డులో హోటలు నడిపే సన్యాసినాయుడు వచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకున్నాడు.

"బాబూ, నా హోటలు మూసీండి."

"అదేం నాయుడూ, బేరాల్లేవా?"

"బేరాల్లేకపోడమేటి, కూకోడానికి సోటు నేదు! అందుకే మూసీమంటన్నాను. అప్పలనరసమ్మకి ఎలగ మూసినారో, నాకూ అలగే మూసీండి. సీలు కూడా గట్టిగా ఎయ్యండి బాబూ, మీకు పుణ్యముంటాది."

మూశాం. మర్నాడు బట్టల కొట్టు, ఆ తర్వాత సైకిల్ షాపు, ఆ తర్వాత బంగారం కొట్టు. మా ఆఫీసు ముందు ఇంత పెద్ద క్యూ ఎప్పుడూ లేదు. తెరవడానికి రేపు రమ్మనేవాణ్ణి, మూయడానికి ఇవాళే కానిచ్చేస్తున్నాను. డైరెక్టరు గారు రాజధాని నుంచి ఫోను మీద ఫోను చేసి అభినందించారు. చైత్రం ముగిసేసరికి మా బజారు మొత్తం మూతపడింది. జనం రద్దీకి మెయిన్ రోడ్డులో నడవడానికి సందు దొరకడంలేదు. మండలి వాళ్ళు నిష్క్రమణ లెక్కలో ఈ మూతలన్నీ కూడా కలుపుకుని మన దేశానికి మొదటి ర్యాంకు ఇచ్చారు.

ఆ సందర్భంగా పురంజయ్ గారు స్వయంగా ఊరు చూడ్డానికి వచ్చారు. సీలు వేసిన తలుపుల వెనకనుంచి ఇడ్లీలు వస్తున్నాయి, సీలు వేసిన కిటికీల్లోంచి చీరలు వస్తున్నాయి. డైరెక్టరు గారు చూస్తూ చూస్తూ కోటవీధి దాకా నడిచారు. అప్పలనరసమ్మ పెరట్లో ఇంజను డగడగలాడుతోంది. ఎర్రటి కారం డబ్బాలోకి దిగుతోంది.

"అమ్మా, ఈ వ్యాపారం మూతపడింది కదా?" అన్నారాయన.

"అవును బాబూ. దగ్గిరుండి మీరే గదా మూసినారు."

"మరి ఎలా నడుస్తోంది?"

"సుబ్బరంగా నడస్తంది. ఏడాదికి సరిపడా సంపాదించీసినాను. మూసీసిన కాడ్నుంచి ఒక్క ఆపీసరు ఇటేపు రానేదు. ఒచ్చింది మీరే ముందు."

డైరెక్టరు గారు తుమ్మారు. రుమాలు తీసి ముక్కు తుడుచుకుని, కమిషనర్ గారి వైపు తిరిగారు. "ఈ పట్టణంలో ఇంకా మూయకుండా మిగిలిన సంస్థ ఏదైనా ఉందా?"

కమిషనర్ గారు నన్ను చూశారు. నేను నేల చూపులు చూశాను. "మన ఆఫీసొక్కటే సార్," అన్నారు చివరికి.

అప్పలనరసమ్మ ముక్కుకున్న గుడ్డ కిందికి లాక్కుని, మా ముగ్గుర్నీ జాలిగా చూసి, "దాన్ని కూడా మూసీండి బాబూ. అప్పుడు అదీ బాగా ఆడతాది," అంది.